ఇంటికి దారి చూపే అంకెలు

జాతరలలోను, తిరునాళ్లలోను తప్పిపోయినవారి వివరాలు ప్రకటించే మైకు దగ్గర ఒక దృశ్యం తరచుగా కనిపిస్తుంది. నాలుగైదేళ్ల పిల్లవాడు ఏడ్చి ఏడ్చి అలసిపోయి బల్లమీద కూర్చుని ఉంటాడు. మైకు పట్టుకొన్న కార్యకర్త అతణ్ని బుజ్జగిస్తూ ప్రశ్నిస్తాడు.

“నీ పేరేంటి బాబూ?”

“చిన్నా.”

“మీ నాన్న పేరు?”

“నాన్న.”

“మీ ఇల్లెక్కడ?”

“గుడి పక్కన.”

పిల్లవాడు చెప్పిన ప్రతి మాటా నిజమే. ఇంట్లో అందరూ అతణ్ని చిన్నా అనే పిలుస్తారు. తండ్రిని అతడు నాన్న అని తప్ప మరో పేరుతో ఎరుగడు. ఇల్లు గుడి పక్కనే ఉన్నది. కాని ఈ నిజాలలో ఏ ఒక్కటీ అతణ్ని ఇంటికి చేర్చలేదు. పసివాని ప్రపంచం ఇల్లు, వాకిలి, వీధి మలుపు వరకే. ఆ పరిధిలో చెల్లుబాటయ్యే గుర్తులు పరిధి దాటిన మరుక్షణం విలువ కోల్పోతాయి. ఊరు దాటినా చెల్లే గుర్తు ఒకటి పిల్లల దగ్గర ఉండాలి. ఈ కాలంలో అటువంటి గుర్తు ఇంటి టెలిఫోన్ నంబరు.

ఊరి పేరు తెలిసిన పిల్లవానికి కూడా చిక్కు తప్పదు. రామాపురం, కొత్తపల్లి, కొత్తపేట వంటి పేర్లు గల గ్రామాలు తెలుగునాట పలు జిల్లాలలో ఉన్నాయి. “మాది రామాపురం” అని పిల్లవాడు చక్కగా చెప్పినా, అది ఏ మండలంలోని రామాపురమో తేల్చడం సులభం కాదు. పైగా పేర్లు పసినోటిలో రూపం మార్చుకొంటాయి. ఒత్తులు జారిపోతాయి, సంయుక్తాక్షరాలు కరిగిపోతాయి. తల్లి చెవికి స్పష్టంగా వినిపించే మాట అపరిచితునికి అర్థరహితమైన శబ్దంగా తోస్తుంది.

దీనికి ప్రపంచమంతా ఎరిగిన ఉదాహరణ ఒకటి ఉన్నది. 1986లో మధ్యప్రదేశ్‌లోని ఖండ్వాకు చెందిన ఐదేళ్ల బాలుడు తన అన్నతో కలిసి బుర్హాన్‌పూర్ రైల్వేస్టేషనుకు వెళ్లాడు. అక్కడ నిద్రపోయి లేచేసరికి అన్న కనిపించలేదు. ఎదురుగా ఆగి ఉన్న ఖాళీ రైలుపెట్టె ఎక్కాడు. ఆ రైలు అతణ్ని కలకత్తా మహానగరానికి చేర్చింది. ఇంటి జాడ అడిగినవారికి ఆ బాలుడు తాను ఎరిగినదంతా చెప్పాడు. అతడు నివసించే పేట గణేశ్ తలాయి. అతని నోట అది ‘గినెస్ట్లే’ అయింది. అతడు రైలెక్కిన బుర్హాన్‌పూర్ ‘బెరంపూర్’ అయింది. ఆ ధ్వనికి దగ్గరగా ఒడిశాలో బరంపురం, పశ్చిమ బెంగాల్‌లో బహరంపూర్ ఉన్నాయి. వెతకవలసిన ఊరు మాత్రం అక్కడికి ఎంతో దూరాన, మధ్యప్రదేశ్‌లో ఉన్నది. చివరకు అతని పేరు కూడా మారిపోయింది. షేరూ అనే పేరును అతడు సరూ అని పలికేవాడు. బంధువుల జాడ తెలియని అనాథగా భావించి 1987లో అతణ్ని ఆస్ట్రేలియా దంపతులకు దత్తత ఇచ్చారు. పెరిగి పెద్దవాడైన తరువాత సరూ బ్రయర్లీ కంప్యూటరు తెరమీద ఉపగ్రహ చిత్రాలను, రైలుమార్గాలను రాత్రులకు రాత్రులు పరిశీలించి 2011లో తన ఊరిని గుర్తించాడు. 2012లో కన్నతల్లిని కలుసుకొన్నాడు. అతడు వ్రాసిన ఆత్మకథ ఆధారంగా 2016లో ‘లయన్’ అనే చలనచిత్రం వచ్చింది.

ఆ తల్లి కూలిపని చేసి పిల్లలను పోషించుకొన్న పేదరాలు. ఆ రోజుల్లో అటువంటి ఇంట టెలిఫోన్ ఉండే అవకాశమే లేదు. నేడు పూరింటిలో కూడా సెల్‌ఫోన్ ఉన్నది. పాతికేళ్ల ఎడబాటును తప్పించగల సాధనం ప్రతి ఇంటికీ అందుబాటులోకి వచ్చింది. పేరుకు లేని రెండు గుణాలు నంబరుకు ఉన్నాయి. మొదటిది, ఒక నంబరు దేశమంతటికీ ఒక్కటే. దానికి సాటి రామాపురాలు ఉండవు. రెండవది, అది ఎంత పొడవైనదైనా పది పదాలలోనే ఇమిడి ఉంటుంది. సున్నా నుండి తొమ్మిది వరకు గల ఆ పది పదాలను పిల్లలు మాటలు నేర్చిన తొలినాళ్లలోనే వింటారు. పసినోటిలో గణేశ్ తలాయి చెదిరినట్లు ‘ఏడు’ చెదిరిపోదు.

అయితే ఇక్కడ ఒక వైచిత్రి గమనింపదగినది. ఫోన్లు పెరిగిన కొద్దీ నంబర్లు మనసుల నుండి తొలగిపోయాయి. గోడకు ఆనించిన బల్లమీద ల్యాండ్‌లైన్ ఫోన్ ఉన్న రోజుల్లో దాని పక్కన నంబర్ల పుస్తకం ఉండేది. బంధువుల నంబర్లు క్యాలెండరుమీద వ్రాసి ఉండేవి. ఫోన్ చేయవలసినప్పుడల్లా ఒక్కొక్క అంకెను నొక్కవలసి వచ్చేది. పెద్దలు పైకి పలుకుతూ నొక్కుతుంటే పక్కన ఆడుకొనే పిల్లల చెవిన అవి పడేవి. ఎవరూ నేర్పకుండానే నంబరు వచ్చేది. నేటి సెల్‌ఫోన్ తెరమీద అంకెల స్థానంలో ‘అమ్మ’ అనే పేరు, ఆమె ఫోటో కనిపిస్తున్నాయి. ఆ పేరు వెనుక దాగిన పది అంకెలను పిల్లవాడు చూడడు, వినడు. ఫోన్‌లో బొమ్మలు వెతుక్కోవడం తెలిసిన మూడేళ్ల పిల్లకు ఆ ఫోన్ నంబరు తెలియకపోవడానికి కారణం ఇదే. కళాశాలకు వెళ్లే విద్యార్థిని కూడా తన నంబరు కాక ఇంట్లో మరొకరి నంబరు చెప్పమంటే జేబులోని ఫోన్ కోసం వెతుక్కొంటాడు.

భారం కూడా పెరిగింది. ల్యాండ్‌లైన్ కాలంలో సొంత ఊరిలో మాట్లాడడానికి ఎస్.టి.డి. కోడ్ అవసరం లేదు. విజయవాడలోని ఇంటికి ఆ ఊరిలోనే ఫోన్ చేయాలంటే ఏడు అంకెలు చాలు. సెల్‌ఫోన్ నంబరుకు పది అంకెలు. మనిషి జ్ఞాపకశక్తికి ఇది చిన్న భేదం కాదు. ఒక్కసారి విని వెంటనే తిరిగి చెప్పగల అంశాల సంఖ్య పెద్దలకు సుమారు ఏడు అని అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త జార్జ్ మిల్లర్ 1956లో ప్రకటించిన ప్రసిద్ధ వ్యాసంలో వివరించాడు. ఐదేళ్ల పిల్లలకు అది సాధారణంగా నాలుగు అంకెలకు అటూ ఇటూగా ఉంటుంది. కనుక పది అంకెలను ఒక్క గుక్కలో చెప్పి, తిరిగి అప్పగించమని గద్దించడం చిన్న గిన్నెలో బిందెడు నీళ్లు పోయడం వంటిది. లోపం గిన్నెది కాదు, పోసిన చేతిది.

మిల్లర్ వ్యాసంలోనే దీనికి పరిష్కారం కూడా ఉన్నది. విడివిడి అంశాలను గుంపులుగా కూర్చితే ఒక్కొక్క గుంపు ఒక అంశంగా నిలుస్తుంది. పది అంకెలను మూడు, మూడు, నాలుగుగా విడగొడితే పిల్లవాడు మోయవలసినవి మూడు మూటలే. మన పూర్వులు ఈ కిటుకును ఆచరణలో ఏనాడో గ్రహించారు. వేదాధ్యయనంలో క్రమపాఠం అనే పద్ధతి ఉన్నది. అందులో మొదటి పదాన్ని రెండవదానితో, రెండవదానిని మూడవదానితో జతకూర్చి వల్లిస్తారు. ఇందువల్ల పదాలతోపాటు పదాల నడుమ అతుకులు కూడా గట్టిపడతాయి. నంబరు చెప్పే పిల్లలు సాధారణంగా తడబడేది ఈ అతుకుల దగ్గరే. ఒక గుంపు పూర్తిచేసి, తరువాతిది ఏమిటో తోచక ఆగిపోతారు. అందువల్ల మూటలు వేరువేరుగా వచ్చిన తరువాత మొదటి మూట చివరి అంకెను రెండవ మూట మొదటి అంకెతో కలిపి పలికించాలి.

ఏ మూటతో మొదలుపెట్టాలి అనేది మరొక ప్రశ్న. చివరి నాలుగు అంకెలతో ప్రారంభించడం మేలు. అవి వచ్చిన తరువాత నడిమి మూడింటిని వాటి ముందు చేర్చాలి. ఆ పిమ్మట మొదటి మూడింటిని చేర్చాలి. ఈ విధంగా నేర్పితే పిల్లవాడు ప్రతిసారీ కొత్తదానితో మొదలుపెట్టి, బాగా వచ్చినదానిలోకి నడుస్తాడు. నడక సాగేకొద్దీ ధైర్యం పెరుగుతుంది. ముందునుండి నేర్పితే దీనికి విరుద్ధంగా జరుగుతుంది. తెలిసినదానితో మొదలై, తెలియనిదాని దగ్గర గొంతు సన్నగిల్లుతుంది.

తెలుగు అంకెల పేర్లలో ఒక సౌలభ్యం కూడా దాగి ఉన్నది. లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు మాత్రలు అనే విషయం ఛందస్సు చదివిన విద్యార్థులకు తెలిసినదే. ఆ లెక్కన ఒకటి, రెండు, మూడు, ఐదు, ఆరు, ఏడు – ఈ ఆరింటికి మూడేసి మాత్రలు. సున్నా, నాలుగు, ఎనిమిది, తొమ్మిది – ఈ నాలుగింటికి నాలుగేసి మాత్రలు. అంటే ఏ అంకె పేరూ మూడు మాత్రలకు తగ్గదు, నాలుగింటిని మించదు. అందువల్ల అంకెకొక చప్పట్లు చొప్పున ఏ నంబరును పలికినా లయ కుదురుతుంది. ‘ఏడు, రెండు, ఆరు’ అనే వరుస మూడేసి మాత్రలతో గెంతుతుంది. ‘తొమ్మిది, సున్నా, నాలుగు’ అనే వరుస నాలుగేసి మాత్రలతో నింపాదిగా నడుస్తుంది. వీధిబడులలో పిల్లలందరూ గొంతు కలిపి ఎక్కాలు వల్లించిన కాలంలో ‘రెండు రెళ్లు నాలుగు’ వంటి మాటలు ముసలితనం వరకు నిలిచి ఉండడానికి కారణం ఆ లయే. అర్థం తెలియని వయసులో కూడా చెవి లయను పట్టుకొంటుంది.

నేర్పే పెద్దలు కొన్ని విషయాలలో జాగ్రత్త వహించాలి. అంకెలను ఒక్కొక్కటిగానే పలకాలి. ‘తొంభై ఎనిమిది’ అని ఒకసారి, ‘తొమ్మిది, ఎనిమిది’ అని మరొకసారి చెబితే పిల్లవానికి అవి రెండు వేరు నంబర్లుగా తోస్తాయి. ఒకే అంకె వరుసగా రెండుసార్లు వచ్చినప్పుడు ‘డబుల్’ అనే మాట వాడరాదు. ఆ మాట అంకెల పట్టికలో లేదు. ఏ భాషలో నేర్పాలనే సందేహం కూడా సహజం. పిల్లలు బడిలో అంకెలు ఇంగ్లీషులో నేరుస్తుంటే ఆ భాషలోనే నేర్పినా దోషం లేదు. ఉపాధికోసం ముంబయికో, సూరత్‌కో వెళ్లిన తెలుగు కుటుంబాల పిల్లలకు అదే మరింత ఉపకరిస్తుంది. అయితే ఏదైనా ఒక భాషనే పట్టుకోవాలి. సగం తెలుగులో, సగం ఇంగ్లీషులో చెప్పిన నంబరు పసిమనసులో కుదురుగా నిలవదు.

చెప్పడం కంటే అడగడం ముఖ్యం. విన్నది మరలా మరలా వినడం కంటే, విన్నదానిని తానే గుర్తుతెచ్చుకోవడం జ్ఞాపకాన్ని ఎక్కువ గట్టిపరుస్తుంది. జర్మన్ శాస్త్రవేత్త హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో వెలువరించిన గ్రంథంలో మరపు స్వభావాన్ని లెక్కలతో చూపాడు. నేర్చినదానిలో అధికభాగం తొలి గంటలలోనే జారిపోతుంది. తరువాత మరపు వేగం తగ్గుతుంది. ఒకే రోజు అదే పనిగా వల్లించడం కంటే, కొన్ని రోజులపాటు విడతలుగా వల్లించడం ఎక్కువ ఫలితమిస్తుందని కూడా అతని ప్రయోగాలు తెలిపాయి. కాబట్టి ఆదివారం నాడు గంటసేపు కూర్చోబెట్టడం కంటే, రోజూ అన్నం కలిపేటప్పుడు ఒకసారి, పడుకొనే ముందు ఒకసారి అడగడం మేలు. ఒక్కొక్క విడతకు రెండు నిమిషాలు చాలు.

ఇంతవరకు నేర్చినది ఇంట్లో చెప్పడానికి సరిపోతుంది. కాని నంబరు అవసరమయ్యేది ఇంట్లో కాదు. గుంపులో, చీకటిలో, ఎరుగని ముఖాల నడుమ, భయంతో గొంతు పూడుకుపోయిన వేళ అది నోటికి రావాలి. ఈ సందర్భంలో తెలుగువారి సొంత విద్యయైన అవధానం గుర్తుకు వస్తుంది. అష్టావధానంలో అప్రస్తుత ప్రసంగం అనే అంశం ఉంటుంది. అవధాని పద్యం ఆలోచిస్తుండగా పృచ్ఛకుడు సంబంధంలేని ప్రశ్నలు వేసి ఏకాగ్రతను చెదరగొట్టడానికి ప్రయత్నిస్తాడు. అయినా అవధాని చివరకు పద్యాలన్నిటినీ ధారణలో ఒప్పగిస్తాడు. పిల్లల విషయంలోను ఇటువంటి ఆట ఆడవచ్చు. కూర తరుగుతున్న నానమ్మ ఉన్నట్టుండి, “ఒరే నానీ, పిల్లి పాలు తాగిందట గాని, అమ్మ నంబరు ఎంతరా?” అని అడుగుతుంది. మనవడు నవ్వుతూ నంబరు చెబుతాడు. మధ్యలో, “వంకాయ ఏ రంగురా?” అని మళ్లీ అడ్డు తగులుతుంది. అడ్డు తగిలినా నంబరు పూర్తిచేయగలిగిన రోజున అది నిజంగా వచ్చినట్లు లెక్క. మొదట ఇంట్లో, తరువాత వీధిలో, ఆపై బస్సులో, సంతలో ఈ ఆట సాగాలి. ఇంటివారు అడిగితే మాత్రమే చెప్పే పిల్లవానిని మేనమామ చేతనో, ఎదురింటి పిన్ని చేతనో అడిగించాలి.

నంబరుతోపాటు దానిని ఎవరికి చెప్పాలో కూడా నేర్పాలి. కనిపించిన ప్రతివారికీ చెప్పకూడదు. యూనిఫారం వేసుకొన్న పోలీసు, స్టేషనులో టికెట్లు ఇచ్చే ఉద్యోగి, దుకాణంలో కూర్చున్న వ్యాపారి, పిల్లలతో ఉన్న తల్లి – వీరిలో ఒకరిని ఆశ్రయించాలని ముందే చెప్పి ఉంచాలి. తప్పిపోయినప్పుడు అమ్మానాన్నల కోసం పరుగెత్తకుండా, ప్రమాదంలేని చోట నిలిచిపోవాలని కూడా తెలపాలి. తల్లిదండ్రుల అసలు పేర్లు, ఊరి పేరు, మండలం లేదా జిల్లా పేరు నంబరుకు తోడుగా నేర్పదగినవి. ఇవన్నీ భయపెడుతూ చెప్పరాదు. “తప్పిపోతే దొంగలు ఎత్తుకుపోతారు” అనే మాట నంబరును గుర్తుచేయదు. ఉన్న ధైర్యాన్ని పోగొడుతుంది. “ఈ నంబరు చెబితే అమ్మ వస్తుంది” అనే మాట రెండింటినీ నిలుపుతుంది.

సమాజం కూడా ఈ బాధ్యతను కొంత పంచుకొన్నది. ఆపదలో ఉన్న బాలల కోసం 1996లో ముంబయిలో ప్రయోగాత్మకంగా చైల్డ్‌లైన్ సేవ ప్రారంభమైంది. దాని నంబరు 1098. దానిని ‘పది, తొమ్మిది, ఎనిమిది’ అని వెనుకకు లెక్కపెట్టినట్లు పలకవచ్చు. బడికి వెళ్లని వీధిబాలలు కూడా గుర్తుంచుకోగల నంబరు అది. ఇంటి నంబరు పూర్తిగా రాని పిల్లలకు ఈ మూడు మాటలైనా నేర్పవచ్చు. అత్యవసర సహాయానికి దేశమంతటా 112 నంబరు ఉన్నది. తాళం వేసి ఉన్న సెల్‌ఫోన్ నుండి కూడా దానికి ఫోన్ చేయవచ్చు. 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం, సంరక్షకుల నుండి విడిపోయిన బాలుడు కనిపిస్తే ఆ సమాచారం ఇరవై నాలుగు గంటలలోగా చైల్డ్‌లైన్‌కో, పోలీసులకో, బాలల సంక్షేమ సమితికో అందించాలి. దొరికిన పిల్లవాణ్ని దయతో ఇంటికి తీసుకువెళ్లి ఉంచుకోవడం మంచితనంగా కనిపించినా, అది అతణ్ని వెతికేవారికి మరింత దూరం చేస్తుంది.

మాటలు రాని పిల్లలకు, వినికిడి లేనివారికి, నేర్చుకోవడంలో ఆలస్యం ఉన్నవారికి ఈ పద్ధతి చాలదు. వారికోసం నంబరు వ్రాసిన చీటీని చొక్కా లోపలి జేబులో కుట్టడం, జనసమ్మర్దంలో ముంజేతిపై వ్రాయడం ఉపకరిస్తాయి. చెమటకు చెరగని సిరా వాడడం మంచిది. మాటలు వచ్చిన పిల్లలకు కూడా ఇది అదనపు రక్షణయే. కాని చీటీ పోవచ్చు, సిరా చెరగవచ్చు. నోటికి వచ్చినది మాత్రం పిల్లవాడు ఎక్కడికి వెళితే అక్కడికి వెంట వెళుతుంది.

ఇక పెద్దలు చేయవలసిన పని మరొకటి మిగిలి ఉన్నది. పిల్లలకు నేర్పిన నంబరును మార్చకూడదు. 2011 జనవరి నుండి దేశమంతటా నంబరు మారకుండానే టెలిఫోన్ కంపెనీని మార్చుకొనే సదుపాయం వచ్చింది. చౌక పథకం కోసం పాత నంబరును వదులుకోవలసిన అగత్యం లేదు. వదులుకొన్న నంబరు కొంతకాలానికి మరొకరికి కేటాయించబడుతుంది. అప్పుడు తప్పిపోయిన పిల్లవాడు తడబడకుండా చెప్పిన పది అంకెలకు అపరిచితుడు పలుకుతాడు. తప్పనిసరిగా మార్చవలసి వస్తే, కొత్త నంబరు పిల్లలకు పూర్తిగా వచ్చేవరకు పాతదానిని కూడా వాడుకలో ఉంచాలి.

ఈ పనికి ఉపాధ్యాయుడు అక్కరలేదు, ఖర్చు లేదు. చిన్న తమ్ముడో, చెల్లెలో ఉన్న ప్రతి అన్నా, ప్రతి అక్కా ఈ పాఠం చెప్పగలరు. తల్లిదండ్రులు చదువుకొననివారైన ఇళ్లలో ఈ బాధ్యత కళాశాల విద్యార్థులమీద మరింతగా ఉంటుంది. అయితే నేర్పడానికి ముందు నేర్చుకోవాలి. ఫోన్‌ను పక్కన పెట్టి, తెర చూడకుండా అమ్మ నంబరు చెప్పగలిగినవారే దానిని తమ్మునికి అందించగలరు. అలా అందించిన ఇంటి పిల్లవాడు ఏ జాతరలోనైనా తప్పిపోతే మైకు దగ్గర అదే బల్లమీద కూర్చుంటాడు. అతడు కూడా ఏడుస్తాడు. తన పేరు చిన్నా అనే చెబుతాడు. కాని ఆ తరువాత వెక్కిళ్ల నడుమ, అంకె తరువాత అంకెగా, తన ఇంటి దారి కూడా చెబుతాడు.